చెరువుగట్టున చీలిన విద్యుత్తు

కొల్లేటికి దక్షిణమున, ఉప్పుటేటికి ఈవల, ఒకప్పుడు వరిచేలై యుండి నేడు చేపల చెరువులుగను రొయ్యల చెరువులుగను మారిన కలిదిండి మండలపు నేలమీద రాత్రివేళ నడచువానికి మొదట వినవచ్చునది నీటిచప్పుడు. ఆ చప్పుడు అలలది కాదు. చెరువు నడుమ తేలుచు, తెడ్లచక్రములతో నీటిని చిలుకుచుండు ఏరేటర్లది. పగటివేళ ఎండ సోకిన నీటిలో నాచుజాతి సూక్ష్మసస్యములు ప్రాణవాయువును పుట్టించును. ప్రొద్దు గ్రుంకినది మొదలు ఆ నాచే, రొయ్యలతోను అడుగుమట్టిలోని సూక్ష్మజీవులతోను పోటీపడి, ఆ వాయువును పీల్చుకొన మొదలిడును. కావుననే తెల్లవారుజామునకు నీటిలోని ప్రాణవాయువు మిక్కిలి తక్కువకు దిగును. లీటరు నీటికి 4 మిల్లీగ్రాములకంటె తగ్గినచో రైతునకు కంటిమీద కునుకుండదు. 2009లో మన దేశమున వనామి రొయ్య పెంపకమునకు అనుమతి లభించిన తరువాత, చెరువులలో రొయ్యపిల్లల సాంద్రత హెచ్చినకొలది, ఈ తెడ్లచక్రములు ఆగుట యనునది పంటకు ప్రాణగండమే యైనది.

ఒక గట్టు వెంబడి అట్టి ఏరేటర్లు ఎనిమిది ఉన్నవనుకొందము. వానిలో ఒకదాని బేరింగు అరిగి ఆగిపోయినను తక్కిన యేడును ఏమియు నెరుగనట్లు తిరుగుచునే యుండును. నాలుగు చాలునన్న రోజున నాలిగింటి స్టార్టర్లనే నొక్కుదురు. కాని గట్టు మొదట పెట్టెలో నున్న ఫీజు మాత్రము అన్నిటి సంగతియు ఎరుగును: నాలుగు నడచునప్పుడు చల్లగానుండునది, ఎనిమిదియు నడచునప్పుడు వేడెక్కును, పొరుగుచెరువు తీగను కూడ దానికే తగిలించినచో కొట్టివేయును. ఒక్కొక్క యంత్రమునకు తనదైన స్వాతంత్ర్యమును, ఉమ్మడి తీగకు అన్నిటి భారమును ఏకకాలమున కలుగజేయు ఈ కూర్పునకే సమాంతర సంధానమని పేరు. ఆ ఉమ్మడి తీగలో ప్రవహించు విద్యుత్తు ఎంత, అది శాఖలలో ఎట్లు పంపకమగును, ఆ పంపకము తెలియనందున వచ్చు కీడేమి అనునవి ఈ అధ్యాయమునకు విషయములు. మోటారు అనునది శుద్ధమైన నిరోధము కాదు గనుక దాని ప్రత్యేకతను చివరకు ఉంచి, మొదట బల్బువలెను ఇస్త్రీపెట్టెవలెను కేవల నిరోధములైన వానితో లెక్క మొదలుపెట్టుదము.

మూడు రాశులు మనకు కావలెను. తీగలోని ఒక చోటును దాటి క్షణమునకు ఎంత విద్యుదావేశము పోవుచున్నదో దానిని ఆంపియర్లలో చెప్పుదుము; అది విద్యుత్ప్రవాహము. ఒక కూలుంబు ఆవేశము ఒక కొసనుండి రెండవ కొసకు చేరులోపల ఎన్ని జూల్సుల శక్తి వ్యయపడునో ఆ సంఖ్య ఆ రెండు కొసల నడిమి వోల్టేజి. మూడవది నిరోధము, వోల్టేజిని ప్రవాహముచే భాగింపగా వచ్చునది, దాని కొలమానము ఓము. ఈ మూడవదానిని రాశిగా గుర్తించుట మొదటి రెంటికంటె కష్టమైనది. జర్మనీ దేశమున కొలోను పట్టణపు బడిలో గణితమును భౌతికశాస్త్రమును బోధించుచుండిన గేయోర్గ్ సైమన్ ఓము 1826లో చేసిన ప్రయోగములకు ఆనాటి వోల్టా ఘటములు సహకరింపలేదు, ఏలయన వాని వోల్టేజి ప్రయోగము నడుచుచుండగనే జారిపోవుచుండెను. అంతట ఆయన, రెండు లోహముల అతుకులలో ఒకదానిని మరుగు నీటియందును రెండవదానిని మంచునందును ఉంచినచో పుట్టునట్టి స్వల్పమైనను నిలకడగల వోల్టేజిని ఆశ్రయించి, వేరువేరు పొడవుల తీగలలో ప్రవాహమును కొలిచి, 1827లో ఆ ఫలితములను గ్రంథముగా వెలువరించెను. స్వదేశమున ఆ గ్రంథమునకు మొదట దక్కినది నిరాదరణమే. లండను రాయల్ సొసైటీవారి కోప్లీ పతకము 1841లో లభించిన పిదపగాని ఆయన పేరు నిలువలేదు. కదలని వోల్టేజిని సంపాదించుకొనుటయే ఆయన విజయమునకు మూలమని నేను తలంతును. మన సమాంతర సంధానపు లెక్కకును అదియే పునాది.

ఇక రెండు నిరోధములను తీసికొని, వాని ఎడమకొసలను ఒకచోటను కుడికొసలను వేరొకచోటను కలిపి ముడివేయుదము. సమాంతరమనగా ఇంతియే: రెండు కొసలును ఉమ్మడియై యుండుట. అవి ప్రక్కప్రక్కల నుండవలెనన్న నియమము లేదు. ఒకటి ఈ గట్టునను మరియొకటి ఆవలి గట్టునను ఉన్నను, తీగలు పోయి కలియు ముడులు ఒకటే యైనచో అవి సమాంతరములే. కొసలు ఉమ్మడియైనప్పుడు వాని నడిమి వోల్టేజియు ఉమ్మడియే కావలెను. ఒక ముడినుండి రెండవ ముడికి ఏ దారిని పోయినను కూలుంబునకు వ్యయపడు శక్తి ఒకటే. కాదేని ఒక దారిని పోయి మరియొక దారిని తిరిగివచ్చుచు, ఏ ఘటముతోను పనిలేకుండ శక్తిని పుట్టించుకొనవచ్చును. ప్రకృతి అందుకు ఒప్పుకొనదు.

రెండవ నియమము ప్రవాహమునకు సంబంధించినది. ముడికి వచ్చిన ప్రవాహమంతయు ముడినుండి పోవలెను. ఏలయన, వచ్చినది పోకుండ అచ్చట ఆవేశము పోగుపడినచో, ఆ పోగు తనవంటి ఆవేశమునే వికర్షించును. క్షణములో అత్యల్పాంశమునకే రాకయు పోకయు సరిపడి తీరును. ఈ రెండు నియమములను, ఎన్ని ముడులున్నను ఎన్ని దారులున్నను చెల్లునట్లు, 1845లో కూర్చినవాడు గుస్టావ్ కిర్కాఫ్. అప్పటికి ఆయన కోనిగ్స్‌బెర్గు విశ్వవిద్యాలయమున విద్యార్థి. వయస్సు 21 సంవత్సరములు. నేడు దేశమునంతటిని కప్పియున్న విద్యుజ్జాలమునకు గణనయంత్రములు వేయు లెక్కలును ఆ విద్యార్థి చూపిన దారినే నడచుచున్నవి.

లెక్క చేసి చూతము. 12 వోల్టుల బ్యాటరీకి 4 ఓములు, 6 ఓములు, 12 ఓములు గల మూడు నిరోధములను సమాంతరముగా తగిలించితిమి. ప్రతిదాని కొసల నడుమను 12 వోల్టులే గనుక, మొదటిదానిలో 3 ఆంపియర్లు, రెండవదానిలో 2, మూడవదానిలో 1. ఉమ్మడి తీగలో 6 ఆంపియర్లు. ఈ మూటిని తీసివేసి వాని చోట ఒకే నిరోధము నుంచి బ్యాటరీకి భేదము తెలియకుండ చేయవలెనన్న, ఆ నిరోధము 12ను 6చే భాగింపగా వచ్చు 2 ఓములు కావలెను. అన్నిటికంటె చిన్నదైన 4 ఓములకంటెను అది చిన్నది. మొదటిసారి చూచు విద్యార్థి ఇచ్చట తప్పక ఆగును: అడ్డంకికి అడ్డంకిని చేర్చగా అడ్డంకి తగ్గుట ఏమి?

ఈ సంశయమును తీర్చుటకు కృష్ణమీది బెజవాడ ఆనకట్టకంటె మంచి ఉపమానము ఈ ప్రాంతపువానికి దొరకదు. 1957లో వినియోగమునకు వచ్చిన ప్రకాశం బ్యారేజికి 70 ఖానాలున్నవి. అన్నిటి వెనుకను ఉన్నది ఒకే నీటిమట్టము. ఒక్క ఖానా తలుపు ఎత్తినచో ఆ ఖానా వైశాల్యమునకు తగినంత నీరు పోవును. రెండవది ఎత్తినచో మొదటిదాని నీరు తగ్గదు, రెండవదాని నీరు వచ్చి చేరును. ప్రతి ఖానాయు, గోడల నడుమ ఇరుకుగా నుండుటచే, నీటికి అడ్డంకియే. అయినను క్రొత్త ఖానా తెరచుట యనగా క్రొత్త దారి నిచ్చుట. కావున సమాంతరమున కూడవలసినవి అడ్డంకులు కావు, దారులు. నిరోధమును తలక్రిందులు చేయగా వచ్చు సంఖ్యకు వాహకత యని పేరు. 4 ఓముల నిరోధపు వాహకత నాలుగవ వంతు, 6 ఓములది ఆరవ వంతు, 12 ఓములది పండ్రెండవ వంతు. మూటిని కూడగా సరిగా సగము. సగమును మరల తలక్రిందులు చేసినచో 2 ఓములు. పాఠ్యపుస్తకములలోని భిన్నముల సూత్రమున ఉన్నదంతయు ఇదియే. కంఠస్థము చేయించు నుపాధ్యాయులు దారులు కూడునన్న ఈ ఒక్క మాట ముందుగా చెప్పినచో, సూత్రమును మరచిన విద్యార్థియు దానిని తిరిగి కట్టుకొనగలడు.

నిరోధములు రెండే యున్నచో వాని లబ్ధమును మొత్తముచే భాగించుట దగ్గరిదారి: 6, 12 ఓములకు 72ను 18చే భాగింపగా 4. మూటికి ఈ దారి పనికిరాదు. మూటి లబ్ధమును మూటి మొత్తముచే భాగించిన విద్యార్థికి వచ్చునది అర్థములేని సంఖ్య. సమానములైనవి ఎన్ని యున్నను ఒకదాని నిరోధమును వాని సంఖ్యచే భాగించిన చాలును.

ఇంతకంటె ముఖ్యమైన అపోహ యొకటి యున్నది. అది ప్రాణములమీదికి తెచ్చునది గనుక కొంచెము నిలిచి చెప్పవలెను. విద్యుత్తు నిరోధము తక్కువగా నున్న దారినే పోవునని జనము చెప్పుకొందురు. కొన్ని పుస్తకములును వ్రాయును. అది నిజము కాదు. పై లెక్కలో 12 ఓముల దారి మిక్కిలి కష్టమైనదియైనను దానికిని 1 ఆంపియరు పోయినది. విద్యుత్తు ఉన్న దారులన్నిటిని పోవును. ఒక్కొక్క దారికి దాని వాహకతను బట్టి వాటా లభించును. ఇప్పుడు చెరువులోని ఏరేటరు మోటారున తీగ తొడుగు చెడి, ఫేజు తీగ మోటారు లోహపు ఒంటిని తాకినదనుకొందము. ఎర్తు తీగ లేనిచో ఆ ఒంటి వోల్టేజి 230. తడిసిన కాళ్లతో నీటిలో దిగి దానిని ముట్టుకొన్న మనిషి దేహనిరోధము రమారమి 1,000 ఓములు. అతని దేహము గుండ 0.23 ఆంపియరు పోవును. అందులో సగమైనను ప్రాణాంతకమే.

ఎర్తు తీగ యున్నచో? ఫేజు తీగ నిరోధము 1 ఓము, ఎర్తు దారి నిరోధము 4 ఓములు అనుకొనినచో, ఎర్తులోనికి 46 ఆంపియర్లు పోవును. మోటారు ఒంటిమీద నిలుచు వోల్టేజి 184. మనిషి దేహమును ఎర్తు దారికి సమాంతరముగనే యున్నది. దానికి వచ్చు వాటా ఎర్తు వాటాలో 250వ వంతు మాత్రమే. కాని 46లో 250వ వంతనగా 0.184 ఆంపియరు! ఎర్తు యున్నది గదా యని నిశ్చింతగా ముట్టుకొన్నవానికి ఆ నిష్పత్తి ఏమియు రక్ష కాదు. రక్షించునది, ఆ 46 ఆంపియర్ల వరద 16 ఆంపియర్ల ఫీజును తెంపివేయుట. ఇక ఎర్తు గొయ్యి ఎండిపోయియో, కడ్డీ తుప్పుపట్టియో ఆ దారి నిరోధము 23 ఓములైనదనుకొనుడు. అప్పుడు పోవు ప్రవాహము 9.6 ఆంపియర్లు; ఫీజు కదలదు; మోటారు ఒంటిమీద 220 వోల్టులు తెల్లవార్లు నిలిచియుండును. ఫీజు స్థానమున లావుపాటి రాగితీగను చుట్టినవాడు మంచి ఎర్తునుగూడ ఇట్టి చెడ్డ ఎర్తుగా మార్చుచున్నాడు. పోవు ప్రవాహమును వచ్చు ప్రవాహమును సరిచూచుచు, రెంటి నడుమ 30 మిల్లీ ఆంపియర్ల తేడా కనబడినంతనే కట్టివేయు లీకేజి బ్రేకరు, అనగా కిర్కాఫుని ప్రవాహ నియమమునకే కాపలాదారు, చెరువుగట్టు పెట్టెలలో తప్పనిసరిగా నుండవలసిన వస్తువని నా దృఢమైన అభిప్రాయము.

ఇండ్లకును ఊళ్లకును విద్యుత్తును సమాంతరముగనే పంచవలెనన్న నిశ్చయము సులభముగ కుదిరినది కాదు. 1880 ప్రాంతమున పాశ్చాత్య నగరముల వీథులలో వెలుగుచుండిన ఆర్కు దీపములు ఒకదాని వెనుక నొకటి శ్రేణిగా కూర్పబడినవి. ఒకే ప్రవాహము అన్నిటి గుండ పోవలెను. ఒకటి తెగినచో, ప్రత్యేకమైన ఏర్పాటు లేనియెడల, అన్నియు ఆరిపోవును. గదిగదికి చిన్నదీపము పెట్టి, ఎవరికి కావలసినప్పుడు వారు వెలిగించుకొని ఆర్పుకొను పద్ధతి అసాధ్యమని ఆనాటి పెద్దలనేకులు వాదించిరి; ఇంగ్లండు తపాలా శాఖ ఇంజనీరగు విలియం ప్రీస్ అట్టివారిలో నొకడు. వారి వాదము అజ్ఞానముచే పుట్టినది కాదు. అప్పటి దీపముల నిరోధము బహుస్వల్పము. వానిని సమాంతరముగా కూర్చినచో ఉమ్మడి తీగలో పోవు ప్రవాహమును మోయుటకు ఎంత రాగి కావలెనో లెక్కవేసి వారు భయపడిరి.

ఆ లెక్కను మనమును వేయవచ్చును. 100 వాట్టుల దీపమొకటి 1 ఓము నిరోధముతో చేయబడినచో, దానికి 10 ఆంపియర్లు కావలెను. వోల్టేజి 10 చాలును. అదే 100 వాట్టులను 100 ఓముల దీపము 1 ఆంపియరుతో, 100 వోల్టుల వద్ద వెలార్చును. వేయి దీపములు సమాంతరముగా నున్నచో మొదటిరకమునకు ఉమ్మడి తీగలో 10,000 ఆంపియర్లు, రెండవరకమునకు 1,000 ఆంపియర్లు. తీగలో వ్యర్థమగు వేడి ప్రవాహవర్గమునకు అనులోమమున నుండును గనుక, ఒకే తీగయైనచో నష్టము రెండవరకమునకు నూరవ వంతు. నష్టము సమముగా నుండిన చాలునన్నచో రాగి నూరవ వంతు సరిపోవును. థామస్ ఎడిసను కనుగొన్నది బల్బు మాత్రమేయని బడిపిల్లలు చదువుదురు. ఆయన నిజమైన సూక్ష్మదృష్టి ఈ లెక్కయందున్నది: సన్నని అంగారపు పోగుతో నూరు ఓములకు మించిన దీపమును చేసి, రమారమి 110 వోల్టుల వద్ద సమాంతరముగా పంచి, 1882 సెప్టెంబరు 4న న్యూయార్కునగరపు పెర్ల్ వీథి కేంద్రమునుండి ఆయన విద్యుత్తును నడపెను. ప్రతి దీపపు నిరోధమును పెంచుటవలన ఊరంతటి తీగయు సన్నగిల్లినది. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుడు, యుద్ధమున నేలకొరిగిన చోళ సేనానుల స్మృతికై కట్టించిన శివాలయములకు చేసిన దానమును ఏ లోహపు రేకులమీద చెక్కించి కలిదిండి పేరును చరిత్రలో నిలిపెనో, ఆ రాగియే ఎనిమిది వందల యేండ్ల పిదప విద్యుత్తు ఇల్లిల్లు చేరగలదా లేదా యని తేల్చు వస్తువైనది.

మన యిండ్లలో నేడు ఉన్నది 230 వోల్టులు. 100 వాట్టుల పాతకాలపు బల్బు వెలుగుచున్నప్పటి నిరోధము 529 ఓములు, ప్రవాహము 0.43 ఆంపియరు, 60 వాట్టులదానికి 882 ఓములు, 0.26 ఆంపియరు, 1,000 వాట్టుల ఇస్త్రీపెట్టెకు 53 ఓములు, 4.35 ఆంపియర్లు. మూడును కలిసి 5.04 ఆంపియర్లు, తుల్యనిరోధము 45.6 ఓములు. బల్బు రెండింతలు వెలుగవలెనన్న నిరోధము సగము కావలెనన్న సంగతి ఇందుండి తెలియును. ఆరిన బల్బును మీటరుతో కొలిచి 529 ఓములు రాలేదని కలవరపడవలదు. చల్లని టంగ్‌స్టను పోగు నిరోధము వెలుగునప్పటి నిరోధములో పదవ వంతునకును తక్కువ.

ఇంతవరకు మనము తీగలకు నిరోధము లేదనుకొంటిమి. చెరువుగట్టు మీద ఆ ఊహ చెల్లదు. 4 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియము తీగ గట్టు వెంబడి 140 మీటర్లు పోయి మరల తిరిగివచ్చినచో, ఆ 280 మీటర్ల నిరోధము రమారమి 2 ఓములు. ఆ తీగ కొసన 230 వోల్టులకు 5 ఆంపియర్లు తీసికొను 46 ఓముల నిరోధము నొకదానిని తగిలించుదము. మొత్తము 48 ఓములు, ప్రవాహము 4.79 ఆంపియర్లు, తీగలో 9.6 వోల్టులు పోగా కొసకు చేరునవి 220. రెండు నిరోధములను సమాంతరముగా ఉంచినచో తుల్యనిరోధము 23; ప్రవాహము 9.2, కొసకు చేరునవి 212 వోల్టులు. నాలుగైనచో ప్రవాహము 17, వోల్టులు 196. ఎనిమిదైనచో ప్రవాహము 29.7 ఆంపియర్లు, కొసకు చేరునవి 171 వోల్టులే. ఎనిమిది రెట్లు నిరోధములు పెట్టినను ప్రవాహము ఎనిమిది రెట్లు కాలేదు, ఏలయన ఉమ్మడి తీగ తన భాగమును ముందుగనే తినివేయుచున్నది. ఆ తినుట ఎంతయో చూడుడు: ఒక నిరోధమున్నప్పుడు తీగలో 46 వాట్టులు వేడియై పోవును, రెండున్నప్పుడు 169, నాలుగున్నప్పుడు 581, ఎనిమిదున్నప్పుడు 1,760 వాట్టులు. తీగ తొడుగు కరగి అంటుకొనుట ఇందువలననే.

కృష్ణా తూర్పు డెల్టా కాలువలకు కైకలూరు, కలిదిండి మండలములు శివారు. పైన ప్రతివాడును తన బోదెను తెరచుకొనగా శివారునకు నీరందదని ఇచ్చటివారికి తరతరములుగా తెలియును. ట్రాన్స్‌ఫార్మరు దగ్గరివానికి వోల్టేజి సరిగా నుండి, గట్టు చివరివానికి మోటారు మూల్గుట అట్టిదే. అయినను పైవాడు దోషి కాడు. వాని శాఖకు వాడు తీసికొన్నది న్యాయమైన వాటాయే. దోషము ఉమ్మడి తీగ మందమున నున్నది. శాఖలు తమలో తాము ఎన్నడును పోట్లాడుకొనవు. ఉమ్మడి తీగ నిరోధము సున్నయైనచో ఎనిమిదవ నిరోధమునకును 230 వోల్టులే దక్కెడివి.

అందుకు చికిత్సయు సమాంతరముననే దొరకును. ట్రాన్స్‌ఫార్మరునుండి గట్టు చివరకు, మొదటి తీగ వెంబడి, అట్టిదే రెండవ తీగను లాగి రెండు కొసలయందును కలిపినచో, తీగలును సమాంతర నిరోధములే గనుక 2 ఓములు 1 ఓమగును. ఎనిమిది నిరోధములతో ఇప్పుడు ప్రవాహము 34 ఆంపియర్లు, కొసన 196 వోల్టులు. ఒక తీగమీద నాలుగు నడచినప్పటి స్థితియే ఇది. 11 కేవీ లైనును చెరువు దగ్గరకు తెచ్చి, చిన్న ట్రాన్స్‌ఫార్మరును అచ్చటనే నిలిపి, 140 మీటర్లను 30 మీటర్లు చేసినచో ఇంకను మేలు: తీగ నిరోధము 0.43 ఓమునకు దిగి, ఎనిమిదింటికిని 214 వోల్టులు దక్కును.

మోటారుకు వాయిదా వేసిన మాట ఇక చెప్పవలెను. వోల్టేజి తగ్గినప్పుడు నిరోధమైనచో ప్రవాహమును తగ్గించుకొనును; తెడ్లచక్రమును త్రిప్పుచున్న ఇండక్షను మోటారు, చేయవలసిన పని తగ్గలేదు గనుక, ప్రవాహమును పెంచుకొనును. అది తీగలోని నష్టమును పెంచును; దానిచే వోల్టేజి ఇంకను తగ్గును; తుదకు చుట్టలు వేడెక్కి మోటారు కాలును. పై లెక్కలలోని 171 వోల్టులు మోటార్లకు వచ్చుసరికి అంతకంటె దిగువకు జారునని గ్రహింపవలెను.

మరియొక భేదము ఇంతకంటెను విచిత్రమైనది. మన విద్యుత్తు క్షణమునకు 50 మారులు అటునిటు ఊగునది. నిరోధములో ప్రవాహము వోల్టేజితో కలిసి ఊగును. మోటారులో కొంతభాగము కలిసి ఊగి పని చేయును, కొంతభాగము కాలు ఆవృతి వెనుకబడి అయస్కాంతక్షేత్రమును నిలుపుటకు మాత్రమే పోయి వచ్చుచుండును. పనిచేయు భాగము 8 ఆంపియర్లు, వెనుకబడిన భాగము 6 ఆంపియర్లు అయినచో, ఉమ్మడి తీగలో పోవునవి 14 కావు; రెంటి శిఖరములును ఒకే క్షణమున రావు గనుక, లంబకోణ త్రిభుజపు కర్ణమువలె 10. కిర్కాఫుని నియమము ఇచ్చటను ప్రతిక్షణమును నిజమే. కాని ఆంపియరు మీటరు చూపునది క్షణపు విలువ కాదు.

ఆ మోటారు కొసలకు సమాంతరముగా తగినంత కెపాసిటరు నొకదానిని తగిలించుదము. కెపాసిటరులోని ప్రవాహము వోల్టేజికంటె కాలు ఆవృతి ముందుకు నడచును. మోటారులో వెనుకబడినది పుచ్చుకొనుచున్న క్షణముననే ఇది తిరిగి ఇచ్చుచుండును. 6 ఆంపియర్లు కెపాసిటరునకును మోటారునకును నడుమనే అటునిటు తిరుగుచుండును. ట్రాన్స్‌ఫార్మరునుండి వచ్చు తీగలో మిగులునవి 8 మాత్రమే. శాఖను చేర్చగా ఉమ్మడి ప్రవాహము తగ్గినది! నిరోధముల లోకమున ఎన్నటికిని జరుగని సంగతి యిది. మోటారు తీసికొనునవి మునుపటి 10 ఆంపియర్లే. దాని పనిలో లోపము లేదు. 2 ఓముల గట్టుతీగలో మాత్రము 200 వాట్టులుగా నున్న నష్టము 128 వాట్టులకు దిగును. కెపాసిటరును పెట్టవలసినది మోటారు కొసల వద్దనే. ట్రాన్స్‌ఫార్మరు ప్రక్కన పెట్టినచో ఆ 6 ఆంపియర్లు గట్టుతీగ పొడవునను పోయి రావలసియే యుండును, ఆ 72 వాట్టులును తీగలో పోవుచునే యుండును.